గుర్తు పెట్టని వాక్యం

పుంగనూరు,
10-1-1999

మదనపల్లెలో ఉన్న మా అమరావతి అత్తకు మేనకోడలు పావని వంగి దండం పెట్టి రాసేది.

అత్తా, కవరు మీద నా పేరు చూసి నువ్వు ఉలిక్కిపడి ఉంటావు. ఇంట్లో అందరం బాగున్నాం, భయపడాల్సిందేమీ లేదు. రూపక్క పెళ్లి శుభలేఖలో మామ పేరూ నీ పేరూ పడలేదని నువ్వు పెళ్లికి రాకుండా మానేసినప్పటి నుంచి నాలుగేళ్లుగా మన రెండిళ్లకూ మాటల్లేవని నాకు తెలుసు. అయినా రాస్తున్నా. నాకు తెలిసిన ఇంగ్లీషు టీచరువు నువ్వొక్కదానివే. నాకిప్పుడు ఇంగ్లీషు కావాలి, అర్జెంటుగా కావాలి.

కుప్పంలో పోయినేడు అద్దె ఇంట్లో పెట్టిన ఒక ఇంగ్లీషు మీడియం బడి జూన్‌లో కొత్త బిల్డింగుకు మారుతోందట, కొత్త టీచర్లను తీసుకుంటారట. నా స్నేహితురాలు సుమయ్యా అక్కడే లెక్కలు చెబుతోంది, ఆమే రాసింది. ఏప్రిల్‌లో ఇంటర్వ్యూ. పిల్లల ముందు నిలబడి పాఠం చెప్పి చూపించాలి, మాటంతా ఇంగ్లీషులోనే. ఇది తెలిసిన రోజు నుంచి నా కాళ్లు నేల మీద లేవు. చిన్నప్పుడు మీ ఇంటికి వస్తే నీ ఎర్ర పెన్ను తీసుకుని గోడ నిండా టిక్కులు పెట్టి నీ చేత తిట్లు తిన్నదాన్ని కదా, టీచరు కావాలన్న పిచ్చి నాకు ఎప్పటిదో నీకు వేరే చెప్పక్కర్లేదు.

డిగ్రీ ఉంది కానీ తెలుగు మీడియం. పోయిన నెల ఇక్కడే ఒక కాన్వెంటుకు వెళ్తే నీ గురించి చెప్పమ్మా అని ఇంగ్లీషులో అడిగారు. ఐ యామ్ హావింగ్ వన్ సిస్టర్ అన్నాను. యెస్టర్‌డే ఐ హావ్ కమ్ టు ఆస్క్ అన్నాను. అడిగినాయన నవ్వు ఆపుకోవడానికి కిటికీలోంచి బయటికి చూశాడు. చెప్పాల్సింది తెలుసత్తా, నోటి దాకా వచ్చేసరికి నిన్న, నేడు, రేపు అన్నీ కలిసిపోతాయి.

నాన్నకు చెప్తే "కుప్పం యాడ, మనం యాడ" అని ఆవులకు గడ్డి వేయడానికి లేచిపోయాడు. వద్దు అనలేదు, సరే అనలేదు. ఈ కవరు పోస్టు డబ్బాలో వేయమని ఇస్తే అడ్రసు చూసి జేబులో పెట్టుకున్నాడు. వేశాడో లేదో నీ జవాబు వస్తేనే తెలిసేది.

ఆశతో,
నీ కోడలుపిల్ల పావని

మదనపల్లె,
15-1-1999

పావనికి అత్త దీవెనలు.

మీ నాన్న వేశాడు. జేబులో పెట్టిన మడత కూడా అలాగే ఉంది.

ముందే ఒక మాట. శుభలేఖ గొడవ మన ఉత్తరాల్లోకి రాకూడదు. ప్రెస్సువాడు వదిలేశాడని మీ నాన్న అంటాడు, ప్రూఫు చూసింది ఆయనే కదా అని నేనంటాను. ఇంటి ఆడబిడ్డ పేరు లేని శుభలేఖ ఊరంతా పంచాక ఎవరు వదిలేస్తే ఏం లే. అది పెద్దవాళ్ల తగువు, నీకు సంబంధం లేదు.

ఇక నీ ఇంగ్లీషు. కిటికీలోంచి చూసినాయన మంచివాడు, నేనైతే బెత్తం తీసేదాన్ని. కలిగి ఉండటం, తెలిసి ఉండటం, ఇష్టపడటం, ఇవి ఐఎన్‌జీ తగిలించుకుని తిరిగే మాటలు కావు. ఐ హావ్, ఐ నో, ఐ లైక్, అంతే. ఇక హావ్ కమ్ సంగతి. పొద్దున వాకిట్లో నీళ్లు చల్లావనుకో. చల్లడం అయిపోయింది, తడి మాత్రం కనబడుతోంది. అప్పుడు ఐ హావ్ స్ప్రింకిల్డ్ అనాలి. నిన్న చల్లాను, ఆరింటికి చల్లాను అని వేళ చెప్పావంటే తడి ఆరిపోయినట్టే, ఐ స్ప్రింకిల్డ్ అనాలి. యెస్టర్‌డే పక్కన హావ్ మళ్లీ కనబడిందో, ఉత్తరం దిద్దకుండా తిప్పి పంపుతా.

గైడు పుస్తకం ముట్టుకోవద్దు. సూర్యుడు తూర్పున ఉదయించును అన్న వాక్యాన్ని ఉద్యోగంలో చేరింది మొదలు దిద్దుతున్నా, ఆయన ఒక్కసారైనా ఇంకో పక్క లేచిన పాపాన పోలేదు. మీ ఇంటి సంగతులు రాయి. వారానికి ఐదు వాక్యాలు చాలు. ఎర్ర సిరాతో దిద్ది అదే కాగితం వెనక్కి పంపుతా. వెరీ గుడ్, వెరీ నైస్ అనే మాటలు వాడావంటే చూడు, ఆ రెండు మాటలతో బతుకంతా నెట్టుకొచ్చేవాళ్లు మా స్టాఫ్ రూములోనే చాలామంది ఉన్నారు.

ఎర్ర పెన్నుతో సిద్ధంగా,
అమరావతి

పుంగనూరు,
24-1-1999

మా గురువు గారైన అత్తకు శిష్యురాలి నమస్కారం.

నీ ఉత్తరం ఎన్నిసార్లు చదివానో. వాకిట్లో నీళ్లు చల్లిన ప్రతిసారీ హావ్ స్ప్రింకిల్డ్ అనుకుంటున్నా. అమ్మ ఆ మాట విని, ఈ పిల్లకు ఏమైందని పక్కింటి తులసమ్మవ్వను అడిగింది. ఆమె దిష్టి తీయమంది, తీశారు కూడా. ఇదుగో ఈ వారం ఐదు వాక్యాలు. అన్నీ తడి ఆరనివే.

అవర్ కౌ హాజ్ రన్ అవే.
మై ఫాదర్ హాజ్ ఫాలెన్ ఫ్రమ్ ది టామరిండ్ ట్రీ.
హీ హాజ్ బ్రోకెన్ హిజ్ లెగ్.
మై మదర్ హాజ్ గాన్ టు తంబళ్లపల్లె ఇన్ యాంగర్.
ఐ హావ్ కుక్‌డ్ సంగటి ఫర్ ఎవ్రీబడీ.

తప్పులుంటే ఎర్రగా కొట్టెయ్, ఏమీ అనుకోను. చాలా సంతోషంగా ఉందత్తా.

పావని

మదనపల్లె,
29-1-1999

పావనికి.

దీవెనలు తర్వాత. నీ కాగితం నాకు బడిలో మూడో పీరియడ్‌లో అందింది. అలవాటు ప్రకారం ఎర్ర పెన్ను తీసి దిద్దుతూ పోయాను. తప్పు ఒక్కటీ లేదని మురిసిపోతుండగా బుర్ర వెలిగింది. ఆవు పారిపోయింది, అన్న చెట్టు మీంచి పడ్డాడు, కాలు విరిగింది, వదిన కోపగించుకుని పుట్టింటికి తంబళ్లపల్లె వెళ్లిపోయింది, ఈ పిల్ల సంగటి వండుకుని కూర్చుంది, పైగా చాలా సంతోషంగా ఉందని రాసింది. క్లాసు వదిలేసి పరుగు తీశాను. మీ వీధి చివర ఉన్న తౌఫీక్ ఎస్‌టీడీ బూత్ నంబరు కనుక్కుని ఫోన్ చేశాను. కాలికి కట్టు కట్టించారా, ఎముకలు కట్టే పుత్తూరు వైద్యుడి దగ్గరికి తీసుకుపోయారా అని అరిచాను. అతను బూత్ బయటికి తొంగి చూసి, "అమ్మా, మీ అన్న ఇప్పుడే ఆవును తోలుకుని నా ముందర్నుంచి నడిసి పోయినాడు. కాలు బాగుండాది. ఆవు కూడా బాగుండాది" అన్నాడు.

నీకు రెండు తగిలించాలనిపించింది.

ఇంటి సంగతులు రాయమంటే కల్పించి రాయమని అర్థమా? ఇకమీదట ప్రతి వాక్యం చివరా గుర్తు పెట్టు. నిజమైతే ని, ఉత్తదైతే ఉ. గుర్తు లేని వాక్యం నేను దిద్దను.

సరే, తప్పుల్లేవు కాబట్టి ముందుకు పోదాం. ఇప్పుడు నిన్ను ఏడిపించేవి వస్తాయి. గివ్ అంటే ఇవ్వడం. పక్కన అప్ చేరితే మానేయడం, ఇన్ చేరితే లొంగిపోవడం, అవే చేరితే దానమిచ్చేయడం. ఒకే ఆడపిల్ల పుట్టింట్లో ఒకలా అత్తింట్లో ఒకలా ఉండటం లేదా, అలాగే ఇవీనూ. లుక్ ఆఫ్టర్ అంటే సాకడం. రన్ అవుట్ అంటే సరుకు నిండుకోవడం. ఆస్క్ ఆఫ్టర్ అంటే ఒక మనిషి ఎట్లున్నారో ఏమో అని బాగోగులు విచారించడం. బట్టీ పట్టొద్దు, వాక్యాల్లో వాడు.

ఇంకా గుండెదడ తగ్గని,
అత్త

పుంగనూరు,
7-2-1999

అత్తా, చెంపలేసుకుని రాస్తున్నా.

మా ఇంట్లో ఏమీ జరగదత్తా, అదీ కష్టం. పొద్దున పాలు పిండుతారు, సాయంత్రం పాలు పిండుతారు. తడి ఆరని వాక్యాలు ఐదు యాడి నుంచి తెచ్చేది? అందుకే కొన్ని జరిపించాను. నువ్వు నమ్ముతావని కలలో కూడా అనుకోలేదు.

ఇక్కడ ఏమైందో విను. తౌఫీక్ బూత్‌కు గొళ్లెం పెట్టి ఇంటికే వచ్చేశాడు. నాన్న అప్పుడే ఆవును కట్టేసి అరుగు మీద కూర్చున్నాడు. "లక్ష్మీపతన్నా, మదనపల్లి నుంచి మీ చెల్లెలు ఫోన్ చేసింది. నీ కాలు ఎట్లుండాదని అడిగింది, ఏడస్తాండాది పాపం" అన్నాడు. నాన్న తన కాలు వంక చూసుకున్నాడు. చాచి చూశాడు, ముడిచి చూశాడు. "నా కాలు సంగతి దానికి యాల" అన్నాడు. అన్నాడు కానీ తౌఫీక్‌ను కూర్చోబెట్టి, ఫోన్‌లో నువ్వు ఏమేమన్నావో మొదట్నుంచి మళ్లీ చెప్పించుకున్నాడు. ఏడ్చింది నిజమేనా అని రెండోసారి అడిగాడు. ఈ లోపల వీధిలో అమ్మ పుట్టింటికి పోయిందన్న మాట పుట్టి, ఎదురింటి అంజమ్మక్క ఓదార్చడానికి వచ్చింది. తలుపు తీసింది అమ్మే.

ఇప్పుడు కొత్త పాఠం. ఈ చిన్న చిన్న తోకలు భలే ఉన్నాయత్తా. నడుస్తూ గివ్ అప్, గివ్ ఇన్, గివ్ అవే అని పాడుకుంటున్నా. ఇవిగో ఐదు, గుర్తులతో సహా.

మై మదర్ లుక్స్ ఆఫ్టర్ త్రీ కౌస్. ని
వి హావ్ రన్ అవుట్ ఆఫ్ కాఫీ పౌడర్. ని
మై ఫాదర్ హాజ్ గివెన్ అప్ బీడీస్. ఉ
మై ఫాదర్ ఆస్క్స్ ఆఫ్టర్ యూ ఎవ్రీ డే.
ఐ విల్ నాట్ గివ్ అప్. ని

నీ మొండి శిష్యురాలు,
పావని

మదనపల్లె,
14-2-1999

చిరంజీవి పావనికి అత్త మనసారా దీవించి రాసేది.

నాలుగు వాక్యాలు దిద్ది పంపుతున్నా. దిద్దానంటే ఏముంది, టిక్కులే. నాలుగోది మాత్రం కత్తిరించి నా దగ్గర ఉంచుకున్నా, అందుకే కాగితం మధ్యలో కంత ఉంటుంది. దానికి నువ్వు గుర్తు పెట్టడం మరిచావు. కల్పించిందైతే జాగ్రత్తగా ఉ పెట్టేదానివి, బీడీల దానికి పెట్టావు కదా. నిజం రాసేటప్పుడే గుర్తులు గుర్తుండవు. నేనేం అడగను, నువ్వేం చెప్పొద్దు.

పుంగనూరు బస్సు కండక్టరు చిన్నప్ప మాకు తెలిసినవాడే. అతని చేత ఒక జాడీ పంపుతున్నా, బస్టాండులో తీసుకో. టమేటా తొక్కు. ఈసారి మదనపల్లె మార్కెట్‌లో కాయ బాగా ఎర్రగా వచ్చింది. మీ నాన్నకు చిన్నప్పట్నుంచీ వెల్లుల్లి ఎక్కువ వేస్తేనే ఇష్టం. నేను పంపానని చెప్పక్కర్లేదు. తింటే ఆయనకే తెలుస్తుంది.

నీ పలుకు సంగతి కూడా చూడాలి. రోజూ అద్దం ముందు కాసేపు గట్టిగా మాట్లాడు. ఆవుల ముందైనా సరే, అవి నవ్వవు.

ఎదురుచూస్తూ,
మీ అత్త

పుంగనూరు,
28-3-1999

అత్తా, అత్తా, అత్తా.

కుప్పం నుంచి కార్డు వచ్చింది. ఏప్రిల్ 17 శనివారం పదింటికి రమ్మన్నారు. పోస్ట్‌మ్యాన్ ఇంకా సైకిల్ స్టాండు వేయకముందే చేతిలోంచి లాక్కున్నా. చదివి అమ్మను పట్టుకుని గిర్రున తిప్పితే పాలచెంబు దొర్లిపోయింది, తిట్టలేదు. అత్తా, నా పేరు పక్కన ఫర్ ది పోస్ట్ ఆఫ్ ఇంగ్లీష్ టీచర్ అని టైపు కొట్టి ఉంది. సాయంత్రం దాకా ఆ ఒక్క లైను చూసుకుంటూ కూర్చున్నా.

తొక్కు జాడీ ఖాళీ అయింది. నాన్న మొదటి ముద్ద పెట్టుకుని ఆగాడు. ఎవరు పంపారని అడగలేదు. సంగటి ఇంకో ముద్ద వేయించుకున్నాడు. జాడీ అడుగున మిగిలిన నూనె కూడా తుడుచుకుని తిన్నాడు.

కానీ చిక్కొచ్చి పడింది. కార్డు చూపిస్తే నాన్న అన్న మాట ఇది: "ఆడబిడ్డను ఒంటిగా అంత దూరం పంపను. ఇంగ్లీషు తెలిసిన మనిషి, మన మనిషి, ఎవురన్నా కూడా పోతే పంపుతా." ఇంగ్లీషు తెలిసిన మన మనిషి ఈ భూమ్మీద ఎంతమంది ఉన్నారో నాన్నకు తెలియదా? నీ పేరు మాత్రం నోట్లోంచి రాలేదు. నువ్వు రాకపోతే నేను పోలేను. ఇదొక్కసారి తప్పిందంటే మళ్లీ ఇంకో ఏడాది ఆవుల ముందు ఇంగ్లీషు మాట్లాడుకుంటూ ఉండాల్సిందే. వస్తావా అత్తా?

కాళ్లు మొక్కుతూ,
పావని

మదనపల్లె,
2-4-1999

బంగారు తల్లికి.

కార్డు సంగతి చదివి స్టాఫ్ రూములో అందరికీ జిలేబీ పంచాను. వెరీ గుడ్ అన్నారు, ఏం చేస్తాం.

రావడానికేం, ఎగిరి గంతేసి వస్తా. శనివారానికి లీవు కూడా రాసేశాను. ఒక్కటే కోరిక. మీ నాన్న రోజూ నన్ను విచారిస్తాడని రాశావు కదా. ఆ ముక్క నా పర్సులోనే ఉంది. విచారించే మనిషికి ఒక లైను రాయడం ఏం బరువు? చెల్లీ, పిల్లతో కూడా పోయిరా అని ఒక్క మాట. క్షమాపణ అడగడం లేదు. శుభలేఖ ఊసు ఎత్తను. పిలిచాడు అనిపించుకుని మీ గడప తొక్కితే నాకు చాలు. పిలవని ఇంటికి నాలుగేళ్ల తర్వాత నాకు నేనుగా ఎలా వచ్చేది, నువ్వే చెప్పు.

ఆ లైను అందిన మరుక్షణం బయల్దేరతా.

నీ అత్త

పుంగనూరు,
8-4-1999

అత్తా,

ఈ ఉత్తరం చదివి నన్ను కోప్పడు, కానీ చివరిదాకా చదువు.

నాలుగో వాక్యం ఉ. ఆ రోజు పెన్ను పట్టుకుని చాలాసేపు కూర్చున్నా. ఉ పెట్టబుద్ధి కాలేదు, ని పెట్టడానికి ధైర్యం చాలలేదు. నాన్న రోజూ నీ గురించి అడగడు. ఎప్పుడూ అడగలేదు. ఫోన్ వచ్చిన రోజు తౌఫీక్‌ను అడిగిందే అడగడం. నువ్వు ఆ ముక్క పర్సులో పెట్టుకున్నావని చదివాక నాకు అన్నం సయించలేదు. నీ తొక్కు కూడా ఆ అబద్ధం మీద వచ్చిందే.

నీకు రాసే ముందు నాన్నకు చెప్పేశాను. పాలు పిండుతున్నాడు. పక్కన కూర్చుని మొత్తం చెప్పాను, నేను రాసిన వాక్యం, నువ్వు పెట్టిన కోరిక, అన్నీ. తిడతాడనుకున్నా. పాలు పిండటం ఆపలేదు. అయిపోయాక చెంబు పక్కన పెట్టి, ఆ మాట ఇంగ్లీషులో ఎట్ల చెప్తారో చెప్పమన్నాడు. చెప్పాను. ఇంకోసారి అనమన్నాడు, అన్నాను. తర్వాత చేతులు కడుక్కొచ్చి నా ముందు కూర్చున్నాడు.

"అదే మాట మళ్లీ రాయి. ఈ తూరి నిజమని పెట్టు" అన్నాడు.

నేను పెట్టనన్నాను. నిజమైతే నువ్వే పెట్టు నాన్నా, నేను ఇంక అబద్ధం రాయను అన్నాను. నా చేతిలోంచి పెన్ను తీసుకున్నాడు. కింద చూడు.

మై ఫాదర్ ఆస్క్స్ ఆఫ్టర్ యూ ఎవ్రీ డే. ని

ఆ ని నా రాత కాదత్తా.

భయంభయంగా,
పావని

మదనపల్లె,
12-4-1999

పావనికి.

అది మా అన్న రాతే. చిన్నప్పుడు నాకు పలక మీద గుణింతం దిద్దించిన చెయ్యి, మరిచిపోతానా. కోపం వచ్చింది, రాలేదని అబద్ధం చెప్పను. పర్సులోంచి ఆ ముక్క తీసి పారేయాలని కిటికీ దాకా పోయాను. పారేయలేదు.

ఇంకో సంగతి కూడా నిక్కచ్చిగా చెప్తున్నా. ఆ ఒక్క అక్షరం ఆయన నీకోసం పెట్టాడు. కూతురి ఉద్యోగం కోసం ఏ తండ్రైనా ఏ అక్షరమైనా పెడతాడు. నా కోసమే పెట్టాడని నమ్మేంత చిన్నపిల్లను కాను. అయినా వస్తున్నా. నా శిష్యురాలు నా మూలంగా ఇంటర్వ్యూ తప్పిపోతే నేను పట్టుకున్న ఎర్ర పెన్నుకు అర్థం లేదు.

శనివారం తొలి బస్సుకు ఎక్కుతా. నేను ఇంటికి రాను, మీరే పుంగనూరు బస్టాండుకు రండి. ఇస్త్రీ చీర కట్టుకో, జడ గట్టిగా వేసుకో. పిల్లల ముందు ఏం మరిచిపోయినా నవ్వు మాత్రం మరవొద్దు.

అమరావతి

పుంగనూరు,
20-4-1999

అత్తా, నేను టీచర్నయ్యాను.

పై లైను తప్ప ఇంకేమీ రాయకుండా కవరు అంటించేద్దామా అనుకున్నా. ఈ పొద్దే ఆర్డరు వచ్చింది. జూన్ 14న చేరాలి, సుమయ్యా గదిలోనే ఉంటా. అమ్మ వీధంతా చక్కెర పంచింది. తౌఫీక్ బూత్‌లోకి ఎవరొచ్చినా ముందు ఈ కబురు చెప్పి తర్వాతే ఫోన్ ఇస్తున్నాడు.

లోపల ఏం జరిగిందో నువ్వు బయట కూర్చున్నావు కాబట్టి నీకు సగమే తెలుసు. ఆరో క్లాసు పిల్లలు. వాకిట్లో నీళ్ల సంగతి చెప్పి బోర్డు మీద రాశాను. ఒక్కరూ కదల్లేదు. వెనక కుర్చీలో కరస్పాండెంటు గడియారం చూసుకుంటున్నాడు. తయారుచేసుకున్న పాఠం మొత్తం ఎగిరిపోయింది. అప్పుడు తోచిన మాట అనేశాను. మీ ఇంట్లో ఇప్పుడే జరిగిన ఒక సంగతి ఇంగ్లీషులో చెప్పండి, నిజమైనా సరే, అబద్ధమైనా సరే, ఏదో మిగతా వాళ్లు కనిపెట్టాలి అన్నాను. ఒకడు లేచి మై గ్రాండ్‌మదర్ హాజ్ బిటెన్ ఎ డాగ్ అన్నాడు. క్లాసు మొత్తం లై లై అని అరుపులు. ఇంకో పాప మై బ్రదర్ హాజ్ ఈటెన్ మై రబ్బర్ అంది, అదీ లై అన్నారు, పాపం ఆ పిల్ల కళ్లనీళ్లు పెట్టుకుని నిజమేనంది. ఇంక చేతులు లేవడం ఆగలేదు. గంట కొట్టినా కూర్చోలేదత్తా. హావ్, హాజ్ ఒక్కడు కూడా తప్పు పెట్టలేదు.

ఈ పద్ధతి ఎక్కడ నేర్చుకున్నావని కరస్పాండెంటు అడిగాడు. ఐ పిక్‌డ్ ఇట్ అప్ ఫ్రమ్ మై ఆంట్ అన్నాను. ఆలోచించకుండా వచ్చేసింది, తోకతో సహా.

ఇప్పుడు నువ్వు చెప్పాలి. బస్టాండులో నిన్ను చూసి నాన్న పలకరించలేదు, నువ్వూ పలకరించలేదు. నన్ను నీకు అప్పగించి ఇంటికి పోతాడనుకుంటే తనూ బస్సెక్కి మూడు టికెట్లు తీసుకున్నాడు. పలమనేరులో దిగి వేరే బస్సెక్కినా, వి.కోట దాటినా ఒక్క మాట లేదు, ఆయన వెనక, మనం ముందు. బడిలో మిమ్మల్ని ఇద్దర్నీ ఒకే బెంచీ మీద వదిలి లోపలికి పోయాను. తిరిగొచ్చేసరికి నీ కళ్లు ఎర్రగా ఉన్నాయి, నాన్న నీకు టీ గ్లాసు అందిస్తున్నాడు. నాన్నను అడిగితే "ఏముండాది, కూర్సున్న్యాం" అంటాడు. నువ్వయినా చెప్పత్తా.

పావని, ఇంగ్లీష్ టీచర్

మదనపల్లె,
25-4-1999

పావని టీచరు గారికి అత్త రాసేది.

నీ ఉత్తరం మామకు చదివి వినిపించాను. రబ్బరు తిన్న తమ్ముడి దగ్గర ఆయన నవ్వి నవ్వి పొరబోయింది. జూన్‌లో నువ్వు చేరే ముందు ఒక ఎర్ర పెన్ను నా చేత్తో ఇస్తా. పుంగనూరు ఇంటికే వచ్చి ఇస్తా.

బెంచీ సంగతి చెప్తా. ఇద్దరం చెరో చివర కూర్చున్నాం. మధ్యలో నీ చేతిసంచి. లోపలి నుంచి పిల్లల అరుపులు మొదలైనప్పుడు ఏదో గొడవైందని నేను లేవబోయాను. ఆయన సంచి తీసి ఒళ్లో పెట్టుకుని నా పక్కకు జరిగాడు. శుభలేఖ మాట ఎత్తుతాడేమో, ప్రెస్సువాడి మీద పెడతాడేమో అని నా జవాబులన్నీ సిద్ధంగా పెట్టుకున్నా, నాలుగేళ్లుగా పెట్టుకున్నవే. ఆయన ఆ మాట ఎత్తలేదు. నా వంక చూడకుండా, ఎదురుగా పిల్లల సైకిళ్ల వంక చూస్తూ అడిగాడు.

"బాగుండావా?"

అంతే పావనీ. జీవితమంతా పిల్లలకు మాటలు నేర్పినదాన్ని, నా సిద్ధం చేసుకున్న జవాబుల్లో ఒక్కటీ పనికి రాలేదు. ఎన్నేళ్లుగానో నా నోట పలకని మా ఊరి మాటే వచ్చింది. "ఉండాన్నా" అన్నాను. కాసేపటికి మోకాలి నొప్పి ఎట్లుందని అడిగాడు. నా మోకాలి నొప్పి ఆయనకెట్లా తెలుసు? నేను నీకు కూడా రాయలేదే. అడిగితే చెప్పడు. తర్వాత చిన్నప్పను పట్టుకుని నిలదీశాను. తొక్కు జాడీ ఇచ్చిన రోజు నుంచి మీ నాన్న రోజూ బస్టాండుకు వస్తాడట, చెల్లెలు కనబడిందా, ఎట్లుండాది అని అడిగి పోతాడట. రోజూ అంటే రోజూ. ఇంట్లో మీకెవరికీ చెప్పొద్దన్నాడట.

నువ్వు రాసినప్పుడు అబద్ధమే. పది రోజులు తిరక్కుండానే నిజమైపోయింది, మనిద్దరికీ తెలియలేదు.

నా పర్సులోని ముక్కను ఇన్నాళ్లూ దిద్దకుండా ఉంచాను. ఇప్పుడు ఎర్రగా పెద్ద టిక్కు పెట్టి దీంతో పంపుతున్నా. కాగితంలో కంత ఉందన్నానుగా, అక్కడ అంటించుకో.

మీ అత్త